రాజుగారి దినవహిలో దీపపు మసి

కాంచనదుర్గం పడమటి దిడ్డివాకిలి ముందు ఆ సాయంత్రం వరస కట్టిన జనంలో సిరా అమ్మే మనిషి ఒకతె ఉంది. మొహమంతా మసి, మెడదాకా మసి, మోచేతులదాకా మసి. నెత్తిన మాసిన గుడ్డ, భుజాన కావడి, కావడికి అటొకటి ఇటొకటి సిరా నింపిన సొరబుర్రలు. బంటులు ఆమెను "ఏయ్, జరుగు జరుగు" అంటూ కర్రతో పొడుస్తున్నారు. పొడుస్తున్నది ఎవరినో తెలిస్తే ఆ కర్రలు అక్కడే పారేసి కాళ్ళమీద పడేవాళ్ళు. లేదా, రోజులు అలాంటివి కనుక, అదే కర్రతో తల పగలగొట్టేవాళ్ళు. ఆమె మణిమంత రాజ్యపు పెద్ద యువరాణి జ్యోతిష్మతి. పుట్టింది ఆ కోటలోనే. ఆ కోటలోంచి అంబారీ మీద తప్ప ఏనాడూ బయటికి వెళ్ళి ఎరగదు, తమ్ముడు వెళ్ళగొట్టిన రోజున తప్ప.

"అమ్మా, చేతులు!" అని గొణిగాడు పక్కనున్న కోదండుడు. "చేతులు ఖాళీగా పెట్టుకోకండి."

"కావడి మోస్తున్నానుగా."

"ఒక్క చెయ్యే మోస్తోంది. రెండోది ఊరికే వేలాడుతోంది. దాంతో ఆ బుర్ర పట్టుకోండి. గట్టిగా. చంటిపిల్లని పట్టుకున్నట్టు."

కోదండుడు ఒకప్పుడు రాజుగారి గుర్రాలకు నడక నేర్పినవాడు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఇప్పుడు యువరాణి వెంట కొండలూ కోనలూ తిరిగి ఒళ్ళు హూనం చేసుకున్నాడు.

అతని భయంలో అర్థముంది. వాకిలి దగ్గర ఒక బంటు చెకుముకి రాయితో కూర్చున్నాడు. లోపలికి వెళ్ళబోయే ప్రతి మనిషి మొహం ముందూ హఠాత్తుగా రాయి కొట్టి, నూనె గుడ్డ వెలిగిస్తున్నాడు. అంతే పరీక్ష. దీపమార్గంలో పుట్టినవాళ్ళకు ఊయలలో ఉన్నప్పటినుంచీ ఒక అలవాటు, వెలుగు కనబడితే రెండు చేతులూ జోడించడం. తల్లి దీపం పెట్టగానే బిడ్డ చేతులు పట్టుకుని దగ్గరకు చేరుస్తుంది. ఆ తర్వాత ఆ చేతులకు ఇంకెవరూ చెప్పక్కరలేదు. పేరు మార్చుకోవచ్చు, కట్టుబట్ట మార్చుకోవచ్చు, అబద్ధం ఒట్టుపెట్టి చెప్పవచ్చు. చేతులకు మాత్రం అబద్ధం నేర్పడం ఎవరి తరమూ కాదు.

ముందున్న గాజుల ముసలాయన వంతు వచ్చింది. రాయి టక్కుమంది, గుడ్డ భగ్గుమంది. ఆయన చేతులు గుండె దగ్గరికి లేచిపోయాయి. "అయ్యో తల్లీ" అన్నాడు ఆయన, తన చేతులను తనే చూసుకుంటూ. ఇద్దరు బంటులు ఆయనను ఈడ్చుకుపోయారు. గాజులన్నీ దారిలో పగిలిపోయాయి.

జ్యోతిష్మతి పళ్ళు బిగించింది. బంటు ఆమె మొహం ముందు రాయి కొట్టాడు. మంట కళ్ళలో పడింది. రెండు చేతులూ కావడినీ బుర్రనూ లాక్కుంటూ ఒకదానికోసం ఒకటి గిలగిలలాడాయి. ఆమె బుర్రను గుండెకు నొక్కుకుంది. వేళ్ళు విడలేదు.

"పో," అన్నాడు బంటు.

కోదండుడి మొహం ముందు మంట వెలిగితే అతను హాయిగా ఆవులించాడు. అతను పుట్టుకతోనే నీరవమార్గుడు మరి! దేవుడికి రూపం లేదు, శబ్దం లేదు, వెలుగుతో పని లేదు, చీకట్లో కళ్ళు మూసుకుని ఊరుకుంటే చాలు, ఆయనే వచ్చి పక్కన కూర్చుంటాడు అంటారు వాళ్ళు. మణిమంతంలో ఈ రెండు మార్గాలూ తరతరాలుగా ఒకే ఇంట్లో ఉంటూ వచ్చాయి. రాణి దీపం పెట్టేది, రాజు చీకట్లో కూర్చునేవాడు. ఇద్దరూ ఒకే పంక్తిలో భోంచేసేవాళ్ళు. కొట్టుకుచావాలన్న బుద్ధి అప్పటికింకా ఎవరికీ పుట్టలేదు.

పుట్టించింది పసివాడు. పన్నెండేళ్ళకే గద్దెనెక్కిన రత్నకేతుడు. కన్నతల్లి పురిట్లోనే పోతే, పెద్దరాణి భానుమతీదేవి తన సొంతకూతురు జ్యోతిష్మతితో సమంగా వాణ్ణి ఎత్తుకు పెంచింది. అలాంటివాడు నీరవనాథుడనే మాంత్రిక గురువు దగ్గర కూర్చుని, కూర్చుని, ఒకనాడు లేచి కోటలో దీపాలన్నీ ఆర్పించాడు. అడ్డుచెప్పిన అక్కను దేశం దాటించాడు. కొండమీది దీపశాలలో అఖండదీపం ఆర్పనని మొండికేసిన పెంపుడు తల్లిని అక్కడే పెట్టి తాళం వేయించాడు. మూడేళ్ళు గడిచాయి. రాజుకిప్పుడు పదిహేనేళ్ళు. మీసం కూడా రాలేదు, మరణదండనలు మాత్రం రాయడం వచ్చింది.

రాయడం అంటే నిజంగా రాయడమే. మణిమంత రాజులకొక ఆచారం ఉంది. ప్రతి సాయంత్రమూ రాజు తన చేత్తోనే, తన మాటల్లోనే ఆ రోజు సంగతి ఒక పుస్తకంలో రాయాలి. దాన్ని దినవహి అంటారు. అందులో రాజు రాసిన ఆజ్ఞ మర్నాడు సూర్యోదయాన ఆ పుస్తకంలోంచే చదివితే శాసనం. రాజముద్రలూ మంత్రుల సంతకాలూ ఏవీ అక్కరలేదు. ఒక రాజుకు ఒకటే దినవహి, రెండోది మొదలుపెట్టడానికి లేదు. అది నాశనమైతే ఆ రాజు రాజే కాడు. గద్దె దాయాదులది, తల కొరతకొమ్మది.

ఈ సాయంత్రం రత్నకేతుడు భానుమతీదేవికి మరణదండన రాయబోతున్నాడని ఊరంతా గుసగుసలు.

"నా బిడ్డ అలా రాయడు," అని, ఆ పుకారు పుట్టినప్పుడే ఆ తల్లి దీపశాల కిటికీలోంచి కూతురికి కబురు చేసింది. "వాడిచేత రాయిస్తున్నారు. ఆ గురువు కరక్కాయతో కాచి ఇస్తున్న సిరాలో ఏదో చేతబడి ఉంది. ధూమకూటం గుహలో ఆదిదీపం మసి ఉంది, దాంతో సిరా చేసి వాడి కలానికి తగిలించు. మంత్రం విరిగిపోతుంది. కలం ఆగిపోతుంది. వాడు నన్ను తలుచుకుంటాడు."

ఆ మసి కోసమే జ్యోతిష్మతి ధూమకూటం ఎక్కింది. గుహకు కాపలా ఉన్న ఒంటికన్ను భూతంతో పగలంతా పోరాడింది. భూతం కోదండుణ్ణి రెండుసార్లు లోయలోకి విసిరేసింది, రెండుసార్లూ అతను తిట్టుకుంటూ ఎక్కి వచ్చాడు. చివరికి యువరాణి భూతం కంట్లో పిడికెడు మసి కొట్టి, మరో పిడికెడు కొంగున కట్టుకుని పరుగెత్తింది. ఇప్పుడు ఆ మసే బుర్రల్లో తుమ్మజిగురుతో కలిసి సిరాగా ఉంది. గురువు కాయించే సిరాను కోటకు రోజూ తెచ్చే అసలు మనిషి కల్లు తాగించిన పుణ్యాన ఊరవతల గడ్డివాములో గుర్రుపెడుతోంది.

"నువ్వు అగడ్తలో పుట్టిపడవ వేసుకుని బురుజు కింద ఉండు," అంది జ్యోతిష్మతి లోపలికి వచ్చాక.

"మొసళ్ళున్నాయమ్మా అందులో."

"నువ్వున్నావుగా."

"అదే, వాటి గురించే నా బెంగ," అని నవ్వి కోదండుడు గోడవారకు జారుకున్నాడు.

దినవహి మండపం పడమటి బురుజు కొనమీద ఉంది. ఎంత సొగసైన మండపమని! స్తంభాలకు దంతపు తాపడం, పైకప్పుకు పగడపు తీగలు, మూడువైపులా జల్లెడలా చెక్కిన పాలరాతి తెరలు. నాలుగోవైపు ఏ అడ్డూ లేకుండా కింద అగడ్త, అవతల శ్యామలానది, దానికవతల కుంగుతున్న సూర్యుడు. తాతముత్తాతల కాలంలో సంజవేళకు ఆ గోడల్లోని గూళ్ళనిండా దీపాలు వెలిగేవి, నదిలో పోయే పడవలవాళ్ళు తెడ్లు ఆపి చూసేవాళ్ళు. ఇప్పుడు ప్రతి గూడూ సున్నంతో పూడ్చేసి ఉంది. దీపం లేదు కనుక రాజు వెలుగు పోకముందే రాత ముగించాలి.

రత్నకేతుడు దినవహి ముందు కూర్చుని ఉన్నాడు. పొడుగయ్యాడు, చిక్కాడు. కళ్ళకింద నలుపు. అతని వెనక తెల్లటి గొంగళి కప్పుకుని నీరవనాథుడు నిలబడ్డాడు. ఆ గురువుకున్న విద్య ఒక్కటే. అతను చూపుడువేలు పైకెత్తాడంటే చుట్టూ కోటంత మేరలో శబ్దం చచ్చిపోతుంది. అరిచినవాడి అరుపు వాడికే వినబడదు. ఆ విద్యతోనే ఎన్ని నోళ్ళు మూయించాడో లెక్కలేదు.

జ్యోతిష్మతి తలవంచుకుని వెళ్ళి బుర్ర వంచి సిరాబుడ్డి నింపింది. ఎవరూ ఆమెకేసి చూడలేదు. సిరా పోసేవాళ్ళ మొహాలు రాజులు చూడరు. తనూ ఏనాడూ చూడలేదు కదా అనుకుని వెనక్కు జరిగి స్తంభం పక్కన నిలబడింది.

రాజు రెల్లు కలం తీసుకున్నాడు. సిరాలో ముంచాడు. నాలుక కొస పళ్ళమధ్య పెట్టుకున్నాడు. నాలుగేళ్ళవాడప్పుడు ఇసుకలో అక్షరాలు దిద్దిస్తుంటే ఇలాగే పెట్టుకునేవాడు. 'ఆగు, ఆగిపో' అని ఆమె గుండె కొట్టుకుంటోంది. ఆదిదీపం మసి కలం కొనకు అంటింది. కలం కాగితాన్ని తాకింది.

ఆగలేదు.

చక్కగా, గుండ్రంగా, తొట్రుపాటు లేకుండా సాగింది. "పెద్దరాణి భానుమతి దీపం ఆర్పుటకు నిరాకరించినది. ఎల్లుండి ఉదయము ఆమెకు మరణదండన విధించితిమి." ఆమె నిలబడ్డ చోటికి ఆ అక్షరాలు స్పష్టంగా కనబడుతున్నాయి. అవి తను దిద్దించిన అక్షరాలే. రాజు ఆ వాక్యాన్ని ఒకసారి చదువుకుని, కలం మళ్ళీ ముంచి, కాస్త ఆగి, రెండో వాక్యం మొదలుపెట్టాడు. ఈసారి చిన్న అక్షరాలు. అక్కడికి ఆనడం లేదు.

అది ముగించి అతను కలం కింద పెట్టేసరికి జ్యోతిష్మతికి ఒళ్ళు తెలియలేదు. నెత్తిన గుడ్డ లాగి పారేసింది.

"రత్నం! నాయనా! ఏం రాశావురా?"

నీరవనాథుడు ఉలిక్కిపడి వేలెత్తాడు. ఆమె నోరు కదులుతోంది, మాట లేదు. అడుగుల చప్పుడు లేదు, గాలి చప్పుడు లేదు. బంటులు శూలాలు ఎత్తారు.

రత్నకేతుడు ఆమెను చూశాడు. మసికింద మొహాన్ని పోల్చుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు. గురువుకేసి తిరిగి, వేలు దించమని చేత్తో సైగ చేశాడు. గురువు దించలేదు. రాజు మళ్ళీ చెయ్యి ఊపాడు, ఈసారి కళ్ళెర్రజేసి. అప్పుడు నీరవనాథుడు తిట్లు తిన్న పనివాడిలా గబుక్కున వేలు దించేశాడు.

"నా కొలువులో ఎవరు మాట్లాడాలో నేను చెబుతాను గురుదేవా, మీరు కాదు," అన్నాడు రత్నకేతుడు.

జ్యోతిష్మతికి మొదటి దెబ్బ అక్కడే తగిలింది. మూడేళ్ళుగా ఆమె తిట్టుకున్నది ఈ గురువునే. తీరా చూస్తే ఆ ముసలివాడు పిల్లవాడికి భయపడి చస్తున్నాడు.

"ఎవరు రాయిస్తున్నారురా నీచేత?" అంది, అయినా ఆశ చావక. "చెప్పు. ఆ సిరా ఆదిదీపం మసితో చేసింది. ప్రాణాలొడ్డి తెచ్చాను. ఎంతటి చేతబడి అయినా విరిగిపోవాలి."

రత్నకేతుడు బుడ్డికేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. అతని మొహం కందగడ్డలా ఎర్రబడింది.

"అంటే నాకు మంత్రం వేశారనుకున్నారా, నువ్వూ అమ్మా కలిసి?"

"లేకపోతే నువ్వెందుకు రాస్తావు?"

"ఎందుకా? మీ దీపం మీద మీకు నమ్మకముంటే అది భక్తి. నా దేవుడి మీద నాకు నమ్మకముంటే అది చేతబడి! అంతేనా అక్కా? నా బుర్ర నాది కాదని అనుకోవడం మీకంత తేలికైపోయిందా?"

"దేవుడి సంగతి కాదురా, ఆమె అమ్మ! నీ ఒళ్ళు కాలితే రాత్రంతా కూర్చున్న మనిషి!"

"ఒక్క ఊపిరి ఊది ఆర్పమన్నాను," అన్నాడు రత్నకేతుడు. "ఒక్క ఊపిరి. ఎన్నిసార్లు కబురు పంపానో నీకేం తెలుసు? 'నేను కావాలా, దీపం కావాలా' అని నేనే వెళ్ళి తలుపు బయట నిలబడి అడిగాను. రాజునై ఉండీ తలుపు బయట నిలబడ్డాను. దీపమే కావాలంది."

తల్లి ఆ సంగతి ఏ కబురులోనూ చెప్పలేదు.

"పట్టుకోండి," అన్నాడు రాజు.

ఇక మాటలతో పని అయిపోయింది. జ్యోతిష్మతి కావడి గిర్రున తిప్పింది. ఒక బుర్ర మొదటి బంటు మొహాన పగిలి వాడు సిరాలో మునిగాడు. రెండోది నీరవనాథుడి తెల్లగొంగళిని నల్లగొంగళి చేసింది. ఆమె ఒక్క అంగలో పీఠం చేరి, దినవహిని లాక్కుని చంకలో ఇరికించుకుంది. ఈ పుస్తకం కోటకు దూరంగా ఉన్నంతకాలం తల్లి బతికి ఉంటుంది. ఆ క్షణంలో ఆమెకు తట్టింది అంతే.

బురుజు అంచుకు పరుగెత్తింది. వెనక తమ్ముడి అరుపు వినబడింది. "దినవహి! నా దినవహి!" అక్కా అని కాదు. అంత ఎత్తునుంచి మనిషి దూకబోతుంటే పుస్తకం పేరే పిలిచాడు. ఆమె దూకింది.

నీరవనాథుడికి మతి పోయింది. ఏం చెయ్యాలో తోచక తనకు తెలిసిన ఒక్క పనీ చేశాడు, వేలెత్తాడు. దాంతో కోటంతా మూగబోయింది. బంటులు ప్రమాదభేరి మీద దుడ్డుకర్రలతో బాదుతున్నారు, చప్పుడు లేదు. సేనాని గుర్రమెక్కి గొంతు చించుకుంటున్నాడు, చప్పుడు లేదు. వాకిలి దగ్గర చెకుముకి బంటు ఏమీ తెలియక తీరుబడిగా రాయి కొట్టుకుంటున్నాడు.

అగడ్త నీళ్ళు యువరాణిని మింగాయి. ఆమె పైకి తేలేసరికి పక్కన నల్లటి దుంగ ఒకటి కళ్ళు తెరిచింది. ఆమె కాళ్ళు ముడుచుకునే లోపలే దాని నోరు బార్లా తెరుచుకుంది. అంతలో ఎక్కణ్ణుంచి వచ్చాడో కోదండుడు, పుట్టి మీంచి వంగి తెడ్డును ఆ నోట్లో నిలువుగా దోపి, యువరాణిని పుట్టిలోకి లాగాడు. మొసలి మూయలేక, మింగలేక, తోకతో నీళ్ళన్నీ చిలికేసింది. ఆ చిలుకుడుకే పుట్టి బంతిలా ఎగిరి, కాలువ తూములోంచి దూసుకుపోయి శ్యామలానదిలో పడింది. అక్కడికి వచ్చాక చెవులు తెరుచుకున్నాయి. మొట్టమొదట వినబడింది కోదండుడి తిట్లు.

నదికి దిగువన పడవల రేవులో ఆఖరి పడవ కోసం జనం కిక్కిరిసి ఉన్నారు. సంతనుంచి తిరిగి వెళ్ళేవాళ్ళు, చేపల గంపలవాళ్ళు, కట్టెల మోపులవాళ్ళు. ఇద్దరూ తడిబట్టలతోనే వాళ్ళలో కలిసిపోయారు. మసి సగం కడుక్కుపోయిన మొహానికి కోదండుడు తన తలగుడ్డ ఇచ్చాడు.

"దాన్ని నదిలో పారేయండమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "పీడా పోతుంది."

"పారేస్తే వాడి తల పోతుంది. దాయాదులు వాణ్ణి బతకనిస్తారా?"

"ఇంకా తమ్ముడేనా?"

"కాకుండా ఎలా పోతాడు?" అంది ఆమె కసిగా. "పోతే హాయిగా ఉండేది."

పడమట ఇంకా ఎర్రదనం మిగిలి ఉంది. ఆమె గోడవార ఒదిగి కూర్చుని పుస్తకం తెరిచింది. ఆఖరి పుట చూసి కోదండుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. పుట తెల్లగా ఉంది. తెల్లగానంటే, బూడిద కలిపిన పాలలా. ఆదిదీపం మసి నీళ్ళకు ఆగలేదు. మంత్రం విరగకొట్టలేకపోయిన సిరా, మరణదండనను మాత్రం శుభ్రంగా కడిగేసుకుని నదిలో కలిసిపోయింది.

"పోయింది! అమ్మ దండన పోయింది!" అని ఆమె నవ్వింది. మూడేళ్ళలో అదే మొదటి నవ్వు.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఆమెకు రెండో వాక్యం గుర్తొచ్చింది. పుటను వెలుగుకేసి ఎత్తి అటూ ఇటూ తిప్పింది. ఏమీ లేదు. ఒక్క అక్షరపు కొమ్ముకూడా లేదు. కలం మళ్ళీ ముంచి, కాస్త ఆగి, చిన్న అక్షరాలతో ఏం రాశాడు? దండన ఒకవేళ తల్లి మనసు మార్చుకుంటే రద్దు అనా? లేక కూతురు దొరికితే ఆమె తల కూడా అనా? తన చేతులతో తెచ్చి పోసిన సిరా, తన చేతులతోనే తడిపిన పుట. ఇక ఆ మాట లోకంలో ఎక్కడా లేదు, రాసినవాడి దగ్గర తప్ప.

వెనక పుటలు చెక్కుచెదరలేదు. గురువు కరక్కాయ సిరా గట్టిది. ఆమె తిరగేసింది. తనను వెళ్ళగొట్టిన రోజు దొరికింది.

"అక్కను దేశమునుండి పంపివేసితిమి. ఎండ మెండుగా ఉన్నది. పందెములో నల్లగుర్రము గెలిచినది."

అంతే. ఆ పూట ఆమె సరిహద్దుదాకా ఏడుస్తూ నడిచింది. వెనక్కి తిరిగి తిరిగి చూసింది. ఆ పుటలో ఆమెకు దక్కిన చోటు ఎండకూ గుర్రానికీ దక్కినంతే.

"ఆ గుర్రం నేను పెంచినదే," అన్నాడు కోదండుడు భుజం మీంచి తొంగిచూసి. "దాని పేరైనా రాయలేదా? ఎంత ముద్దుగా పెట్టుకున్నానో."

ఆమె ఇంకో పుట తిప్పింది. అక్కడ ఆమె వేలు ఆగిపోయింది.

"దీపమార్గులను పట్టుటకు ఉపాయము మాకే తోచినది. నిప్పు చూపినచో వారి చేతులు వాటంతటవే లేచును. చిన్ననాడు అక్క నాకు నేర్పినది గనుక ఎరుగుదును. గురుదేవులు మెచ్చుకొనిరి."

గాజుల ముసలాయన మొహం ఆమె కళ్ళముందు మెదిలింది. సంజవేళ దీపం ముందు తన ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బుల్లి చేతులు రెండూ పట్టుకుని దగ్గరకు చేర్చింది తనే. 'ఇలాగ రత్నం, ఇలాగ' అని నేర్పింది తనే. వాడు ఆ పాఠం మరిచిపోలేదు, దాంతో వల అల్లాడు. పుస్తకం విసిరేద్దామని చెయ్యెత్తి, మళ్ళీ గుండెకు హత్తుకుంది.

అంతలో రేవులో కలకలం. జనమంతా కోటకేసి వేళ్ళు చూపిస్తున్నారు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి కాంచనదుర్గం గోడల మీద వెలుగు. ఒకటి, పది, నూరు దివిటీలు. దొంగను వెతకడానికి నీరవమార్గులు నిప్పు ముట్టించారు! ఆ వెలుగులు వాకిలి దాటి, ఏటిగట్టున పరుగెత్తి, చూస్తుండగానే రేవును చుట్టుముట్టాయి.

"ఎవ్వరూ కదలొద్దు! వరసలో నిలబడండి!"

ముందు వచ్చిన నల్లగుర్రం మీంచి రత్నకేతుడు దిగాడు. సేనానిని పక్కకు నెట్టి దివిటీ తనే తీసుకున్నాడు. ఒక్క చేత్తో మోయగలిగిన దివిటీ అది. అతను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు.

"పుస్తకం పట్టుకోండి," అని కోదండుడు ఊపిరితో చెప్పాడు. "తలగుడ్డ కింద, రెండు చేతులా. చంటిపిల్లని పట్టుకున్నట్టు. ఆ పిల్లవాడు దాటిపోతే చాలు, అవతల పడవ ఉంది."

ఆమె పట్టుకుంది. వేళ్ళు ఒకదానిలో ఒకటి మెలేసింది. వీడి ఉపాయం తనకు తెలుసు, ఇందాకే చదివింది. తెలిసి తెలిసి పడుతుందా ఏమిటి?

రాజు ఒక్కొక్కరి మొహం ముందూ దివిటీ పెడుతూ వస్తున్నాడు. చేపల గంప మనిషి చేతులు లేవలేదు. కట్టెల మోపువాడివి లేవలేదు. ఎవరో పెద్దావిడవి లేచాయి, బంటులు లాక్కుపోయారు. కోదండుడి దగ్గర మంట కాసేపు నిలిచింది. అతను ఆవులించాడు. నల్లగుర్రం మాత్రం వెనకనుంచి గుర్తుపట్టి చిన్నగా సకిలించింది.

తర్వాత మంట జ్యోతిష్మతి ముందుకు వచ్చింది.

ఆమె మంటను చూడలేదు. మంట అవతల మొహాన్ని చూసింది. పగటి వెలుగులో రాజులా ఉన్నవాడు ఆ దీపపు కాంతిలో మళ్ళీ నాలుగేళ్ళవాడయ్యాడు. అవే బుగ్గలు, అవే కళ్ళు. కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. ఆ రెండో వాక్యంలో ఏం రాశావురా అని అడగాలనిపించింది ఆమెకు.

చేతులు ఎప్పుడు లేచాయో ఆమెకే తెలియదు. తెలిసేసరికి అవి గుండె దగ్గర జోడించి ఉన్నాయి, దినవహి జారి ఇద్దరి కాళ్ళమధ్య రేవు మెట్టు మీద పడింది.

అక్కా తమ్ముడూ ఒకేసారి వంగారు.